నలభై రెండు రోజుల మందు

"అమ్మాయ్, ఇవాళ ఎన్నో రోజు?"

"పద్నాలుగో రోజు మావయ్యా."

"ఇంకెన్ని?"

"ఇంకా ఇరవై ఎనిమిది."

ఉయ్యూరులో ఒక ఇంటి వసారాలో ఈ మాటలు నడుస్తున్నాయి అనుకుందాం. మావయ్య మంచం మీద కూర్చున్నాడు. కుడి కాలికి కట్టు ఉంది. ఎడమ చేతికి సన్నని గొట్టం ఉంది. గోడకు క్యాలెండరు వేలాడుతోంది. కోడలు రోజూ అందులో ఒక గుర్తు పెడుతోంది. ఆమె ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది.

ఈ కుటుంబానికి మేం పేరు పెట్టలేదు. ఇది మన ఇంట్లో జరగొచ్చు. పక్కింట్లో జరగొచ్చు. అందుకే అందరం తెలుసుకోవాలి.

ఎలా మొదలైంది?

ఉయ్యూరు చెరకు పండే ఊరు. స్వాతంత్ర్యానికి ముందే ఇక్కడికి పంచదార ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు నరికిన చేలో మోళ్ళు మిగులుతాయి. మేకుల్లా నిలబడి ఉంటాయి. మావయ్య చెప్పులు లేకుండా చేలోకి వెళ్ళాడు. మోడు అరికాల్లో దిగింది. ఆయనకు నొప్పి తెలియలేదు. ఇంటికి వచ్చాక గడప మీద రక్తం చూసి కోడలే చెప్పింది.

నొప్పి ఎందుకు తెలియలేదు? మావయ్యకు పన్నెండేళ్ళుగా షుగర్ జబ్బు ఉంది. షుగర్ అదుపులో లేకపోతే కాళ్ళకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నిప్పు తగిలినా తెలియదు. కాళ్ళకు రక్తం కూడా సరిగా అందదు. పుండు పడితే త్వరగా మానదు.

మావయ్య గాయానికి పసుపు పెట్టాడు. గుడ్డ కట్టాడు. జ్వరం వస్తే ఆర్‌.ఎం.పి. దగ్గర మూడు రోజులు సూదులు వేయించుకున్నాడు. జ్వరం తగ్గింది. సూదులు మానేశాడు. నెల తిరిగేసరికి పుండు నుంచి వాసన వచ్చింది. కాలు వాచింది.

విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఉయ్యూరు నుంచి సుమారు 30 కిలోమీటర్లు. డాక్టరు ఎక్స్‌రే తీయించారు. పుండు ఎముక దాకా పోయిందన్నారు. పుచ్చిన ఎముక ముక్కను కోసి తీశారు. ఆ ముక్కను పరీక్షకు పంపారు. ఏ క్రిమి ఉందో, ఏ మందుకు చస్తుందో ఆ పరీక్షలో తెలుస్తుంది.

తర్వాత డాక్టరు ఇలా చెప్పారు: "కాలు తీసేయకుండా కాపాడదాం. కానీ నరం ద్వారా ఆరు వారాలు మందు ఎక్కించాలి. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు."

ఇంట్లో వాళ్ళ గుండె జారిపోయింది. నలభై రెండు రోజులు విజయవాడలో ఉండాలా? తోడు ఎవరుంటారు? కూలి ఎలా? ఇంటి దగ్గర పిల్లల సంగతి ఏమిటి?

పది రోజులు గడిచాయి. జ్వరం పూర్తిగా తగ్గింది. అప్పుడు డాక్టరు మరో మాట చెప్పారు: "మిగతా మందు ఇంటి దగ్గరే ఎక్కించుకోవచ్చు. కానీ కొన్ని పద్ధతులు పాటించాలి. పాటించగలరా?"

పాటించగలమా? ఆ పద్ధతులు ఏమిటి? అదే ఈ పాఠం.

అన్ని రోజులు ఎందుకు?

పుళ్ళను, జ్వరాలను కలిగించే క్రిములు కంటికి కనబడవు. వాటిలో బాక్టీరియా అనే రకం ఉంది. బాక్టీరియాను చంపే మందును, లేదా పెరగకుండా ఆపే మందును, యాంటీబయాటిక్ అంటారు. వైరస్ అనే ఇంకో రకం ఉంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

మామూలు పుండుకు కొద్ది రోజుల మందు చాలు. ఎముకకు చాలదు. ఎముక గట్టిది. చెడిన ఎముకకు రక్తం సరిగా అందదు. మందు వెళ్ళేది రక్తంతోనే కదా! క్రిములు ఎముక సందుల్లో దాక్కుంటాయి. పైన పుండు ఆరుతుంది. లోపల క్రిమి బతికే ఉంటుంది. అందుకే వారాల తరబడి మందు వాడాలి. గుండె కవాటాలకు క్రిమి సోకినా ఇంతే. నాలుగు నుంచి ఆరు వారాలు నరం ద్వారా మందు ఇవ్వవలసి వస్తుంది.

నరం సూది అంటే ఏమిటి?

సూది రెండు రకాలుగా వేస్తారు. ఒకటి కండకు. రెండోది రక్తం ప్రవహించే గొట్టానికి. దాన్నే మనవాళ్ళు నరం అంటారు. నరానికి వేసిన మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. వెంటనే ఒళ్ళంతా పాకుతుంది. మేలైనా, కీడైనా త్వరగా జరుగుతుంది. అందుకే నరం సూదితో ఆటలాడకూడదు.

రోజూ కొత్తగా పొడవకుండా నరంలో చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంచుతారు. దాన్ని కాన్యులా అంటారు. అది కొద్ది రోజులే పనికొస్తుంది. తర్వాత వేరే చోట పెట్టాలి. వారాల తరబడి మందు ఇవ్వాలంటే ఇంకో రకం గొట్టం ఉంది. దాని పేరు పిక్ లైన్. అది సన్నగా, పొడవుగా ఉంటుంది. మోచేతికి పైన నరంలో పెడతారు. దాని కొస గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళుతుంది. దాన్ని ఆసుపత్రిలోనే పెట్టాలి. మావయ్య చేతికి ఉన్నది అదే.

మాత్రలు చాలవా?

ఈ ప్రశ్న డాక్టరును తప్పకుండా అడగండి. "సూది మందే బలమైనది, మాత్ర బలహీనమైనది" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

ఇంగ్లండులో, దాని చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా రోగుల మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. వాళ్ళందరికీ ఎముకల్లోనో, కీళ్ళలోనో క్రిమి సోకింది. సగం మందికి నరం ద్వారా మందు ఇచ్చారు. సగం మందికి కొద్ది రోజుల్లోనే మాత్రలు మొదలుపెట్టారు. ఏడాది తర్వాత చూశారు. రెండు జట్లలోనూ ఫలితం ఇంచుమించు ఒక్కటే. ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి.

మరి మావయ్యకు నరం సూది ఎందుకు? ఆయన ఎముకలో దొరికిన క్రిమి మాత్రలకు లొంగేది కాదని పరీక్షలో తేలింది. అలాంటప్పుడు నరం మందు తప్పదు. మీ ఇంట్లో మాత్రలకు లొంగే క్రిమే ఉండవచ్చు. అందుకే అడగాలి. అడగడం తప్పు కాదు.

టి.బి. సంగతి చూడండి. మొండి టి.బి.కి ఒకప్పుడు నెలల తరబడి సూదులు పొడిచేవారు. కొందరికి ఆ సూదుల వల్ల చెవుడు వచ్చింది. ఇప్పుడు మొండి టి.బి.కి కూడా చాలావరకు మాత్రలే ఇస్తున్నారు.

ఇంటి వైద్యం కొత్తది కాదు

"ఆసుపత్రిలో నయం కావలసిన జబ్బు ఇంట్లో ఎలా నయమవుతుంది?" అని మావయ్య భయపడ్డాడు. ఈ భయం పాతదే. దీనికి జవాబు మన పక్కనే ఉన్న మద్రాసులో దొరికింది.

ఒకప్పుడు టి.బి. వస్తే ఊరికి దూరంగా ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో నెలల తరబడి ఉంచేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలాంటిదే. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఉంటేనే జబ్బు తగ్గుతుందని నమ్మేవారు. కానీ రోగులు లక్షల్లో ఉన్నారు. మంచాలు కొన్నే ఉన్నాయి.

1956లో మద్రాసులో ఒక టి.బి. పరిశోధన కేంద్రం పెట్టారు. సుమారు 190 మంది రోగులను తీసుకున్నారు. అందరూ పేదవాళ్ళే. కొందరిని ఆసుపత్రిలో ఉంచారు. కొందరిని ఇంటికి పంపారు. రెండు జట్లకూ ఒకే మందులు. ఇంటికి వెళ్ళిన వాళ్ళవి ఇరుకు ఇళ్ళు. వాళ్ళకు తిండి తక్కువ. విశ్రాంతి తక్కువ. ఏడాది తర్వాత చూస్తే ఇద్దరికీ దాదాపు ఒకే రకంగా నయమైంది. ఇంట్లో వాళ్ళకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదు. ఈ ఫలితాలు 1959లో వెలువడ్డాయి. ప్రపంచమంతటా టి.బి. వైద్యం మారిపోయింది.

అంటే నయం చేసింది మంచం కాదు. వదలకుండా వాడిన మందు.

అయితే ఒక సంగతి మరవకూడదు. మద్రాసులో రోగులను ఇంటికి పంపి చేతులు దులుపుకోలేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళారు. చెప్పకుండా వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు. మూత్రం పరీక్ష చేసి మందు మింగుతున్నారో లేదో చూశారు. రోగి ఇంటికి వెళ్ళాడు. ఆసుపత్రి శ్రద్ధ కూడా వెంట వెళ్ళింది.

అది మాత్రల వైద్యం. నరం ద్వారా ఎక్కించే మందు కూడా 1970లలో ఇంటికి చేరింది. అమెరికాలో పుట్టుకతో ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే నరం మందు ఇచ్చారు. దాని గురించి 1974లో వైద్య పత్రికలో రాశారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఇలా చేస్తున్నారు. మన నగరాల్లోనూ చేస్తున్నారు.

అందరికీ ఇంటి దగ్గర వీలవుతుందా?

వీలు కాదు. మొదటి మోతాదు ఎప్పుడూ ఆసుపత్రిలోనే వేయించుకోవాలి. జ్వరం తగ్గాలి. బి.పి. నిలకడగా ఉండాలి. రోగికి తెలివి బాగా ఉండాలి. ఇంట్లో తోడు ఉండాలి. మంచి నీళ్ళు, సబ్బు, ఫోను ఉండాలి. అవసరమైతే త్వరగా ఆసుపత్రికి చేరే దారి ఉండాలి.

ఇవి లేకపోతే ఇంకో మార్గం ఉంది. రోజూ దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి మందు ఎక్కించుకుని ఇంటికి రావచ్చు. రోజుకు ఒకసారి వేసే మందు అయితే ఇది సులువు. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో వీలవుతుందేమో డాక్టరునే అడగండి. చీటీ రాయించుకోండి.

ఇంటికి బయలుదేరే ముందు

కోడలు ఒక నోటుపుస్తకం కొన్నది. ఆసుపత్రి వదిలే ముందు నర్సమ్మను ఇవి అడిగి రాసుకుంది:

1. మందు పేరు ఏమిటి? రోజుకు ఎన్నిసార్లు? ఎంత సేపు ఎక్కించాలి?

2. మొదలు ఏ తేదీ? ఆఖరు ఏ తేదీ?

3. మందు ఎవరు ఎక్కిస్తారు? ఆమె రాలేకపోతే ఎవరు?

4. మందు ఎక్కడ దాచాలి? ఫ్రిజ్‌లోనా, బయటా?

5. రక్త పరీక్ష ఎప్పుడెప్పుడు?

6. రాత్రిపూట కష్టం వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి?

7. గతంలో ఏ మందు పడలేదు? ఆ పేరు పెద్ద అక్షరాలతో రాయాలి.

ఏడు ప్రశ్నలు. ఏడు జవాబులు. ఇవి లేకుండా ఇంటికి వెళ్ళకండి. "మాకేం తెలుసమ్మా, మీరే చూడండి" అనే రోజు పోయింది. మనకు అక్షరం వచ్చింది.

మందు ఎవరు ఎక్కించాలి?

శిక్షణ పొందిన నర్సే ఎక్కించాలి. కొన్ని దేశాల్లో ఇంటివాళ్ళకే రోజుల తరబడి నేర్పి, పరీక్షించి అప్పగిస్తారు. అలా నేర్పించకుండా ఇంటివాళ్ళు చెయ్యి పెట్టకూడదు. "నేను ఎన్నో సెలైన్లు పెట్టాను" అనే వాళ్ళకు అప్పగించకూడదు.

ఎందుకంటే ఏ మందు దేనితో కలపాలో లెక్క ఉంటుంది. ఉదాహరణకు సెఫ్ట్రియాక్సోన్ అనే మందు చాలా చోట్ల వాడతారు. దాన్ని ఆర్‌.ఎల్‌. అనే సెలైన్‌తో కలపకూడదు. ఆ సెలైన్‌లో కాల్షియం ఉంటుంది. రెండూ కలిస్తే సున్నంలా గడ్డకడుతుంది. అది నరంలోకి పోతే ప్రమాదం. చూడటానికి సీసాలన్నీ ఒకేలా ఉంటాయి. పేరు చదివితేనే తేడా తెలుస్తుంది.

నర్సు మందు ఎక్కించే ముందు మీరూ సీసా చూడండి. మందు పేరు మీ చీటీలో ఉన్నదేనా? గడువు తేదీ దాటిందా? సీసా పగిలిందా? నీళ్ళు మడ్డిగా ఉన్నాయా? అనుమానం వస్తే ఆపండి. ఫోను చేసి అడగండి. నర్సమ్మ ఏమీ అనుకోదు. మంచి నర్సు మెచ్చుకుంటుంది.

ఇంట్లో పాటించవలసినవి

చేతులు: గొట్టం ముట్టుకునే ముందు ఎవరైనా సబ్బుతో చేతులు కడగాలి. వేళ్ళ సందులు, గోళ్ళు రుద్దాలి. కనీసం 20 సెకన్లు రుద్దాలి. శుభ్రమైన గుడ్డతో తుడుచుకోవాలి. గొట్టం ద్వారా మందు లోపలికి వెళుతుంది. మురికి చేయి తగిలితే అదే దారిలో క్రిమి కూడా వెళుతుంది.

చోటు: ఒక బల్ల శుభ్రంగా తుడవండి. మందు పని అక్కడే జరగాలి. ఆ సమయంలో పొయ్యి పొగ, చీపురు దుమ్ము, కోళ్ళు, పిల్లలు దగ్గరకు రాకూడదు.

గొట్టం: తడవకూడదు. స్నానం చేసేటప్పుడు ఆ చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టాలి. కాలువలో, చెరువులో మునగకూడదు. పైన అంటించిన పట్టీ ఊడితే మళ్ళీ ఇంట్లో అంటించకండి. నర్సును పిలవండి. ఆ చేత్తో బిందె ఎత్తకూడదు. ఆ చేతికి బి.పి. పట్టీ కట్టనివ్వకూడదు.

సూదులు: వాడిన సూది మళ్ళీ వాడకూడదు. ఒకరి సిరంజి ఇంకొకరికి వాడకూడదు. అలా వాడితే కామెర్ల క్రిమి, ఎయిడ్స్ క్రిమి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టండి. పిల్లలకు అందకుండా ఉంచండి. డబ్బా నిండాక ఆసుపత్రికే తిరిగి ఇవ్వండి. పెంట మీద వేయకండి. కాలువలో అసలే వేయకండి. రేపు నాట్లు వేసే అక్క కాలికి గుచ్చుకునేది ఆ సూదే.

లెక్క: రోజూ నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాయండి. తేదీ, మందు ఎక్కిన సమయం, జ్వరం ఎంత, షుగర్ ఎంత. షుగర్ అదుపులో లేకపోతే ఎంత మందు పోసినా పుండు మానదు.

రక్త పరీక్ష: ఇది మానకూడదు. కొన్ని యాంటీబయాటిక్ మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అమికాసిన్ వంటివి చెవులను కూడా దెబ్బతీస్తాయి. లోపల జరిగే నష్టం మనకు ముందుగా తెలియదు. పరీక్షలో తెలుస్తుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి

మందు ఎక్కుతుండగా ఒళ్ళంతా దురద, దద్దుర్లు రావచ్చు. ముఖం, పెదవులు వాయవచ్చు. ఊపిరి ఆడకపోవచ్చు. కళ్ళు తిరగవచ్చు. అది మందు పడకపోవడం. వెంటనే మందు ఆపించాలి. రోగిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి. నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోను చేయాలి. తొమ్మిది రోజులు పడిన మందు పదో రోజు పడకపోవచ్చు. అందుకే రోజూ కనిపెట్టి ఉండాలి.

మందు ఎక్కాక చలి, వణుకు, జ్వరం వస్తే గొట్టంలో క్రిమి చేరి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

గొట్టం దగ్గర ఎర్రబడినా, చీము కారినా, చెయ్యి వాచినా అదే రోజు చూపించాలి.

గొట్టం ఊడి వస్తే శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా అదమండి. ఊడిన గొట్టాన్ని పారేయకండి. డాక్టరుకు చూపించండి. ముక్క లోపల ఉండిపోయిందేమో వాళ్ళు చూస్తారు.

నీళ్ళ విరేచనాలు ఎక్కువగా అవుతుంటే చెప్పండి. మూత్రం తగ్గినా, చెవుల్లో హోరు వచ్చినా చెప్పండి. "మందు వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోకండి.

మధ్యలో మానితే?

మళ్ళీ మావయ్య ఇంటికి వద్దాం. అది పద్నాలుగో రోజు. పుండు ఎండింది. వాసన పోయింది. జ్వరం లేదు. కొడుకు పొలం నుంచి వచ్చి కాలు చూశాడు.

"నాన్నా, మానిపోయినట్టే ఉంది. ఇక ఈ సూదులు ఎందుకు? రోజూ నర్సుకు డబ్బు, మందుకు డబ్బు. రేపు వీరమ్మ తల్లి తిరునాళ్ళ. చుట్టాలు వస్తారు. ఆపేద్దామా?"

మావయ్య ఏమీ అనలేదు. ఆయనకూ విసుగ్గానే ఉంది. కోడలు నోటుపుస్తకం తీసింది.

"మొదట మూడు రోజులకే జ్వరం తగ్గిందని మానేశాం. ఏమయింది? ఎముక కోయించుకున్నాం. ఇప్పుడూ మానితే ఏం కోయించుకోవాలి?"

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

కోడలు చెప్పింది నిజం. ఇంగ్లండులో 1941లో జరిగిన సంగతి వినండి. పెన్సిలిన్ అనే మందు అప్పుడే కొత్తగా తయారు చేశారు. ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయన ముఖమంతా చీముపట్టి చావుకు దగ్గరగా ఉన్నాడు. ఆయనకు నరం ద్వారా పెన్సిలిన్ ఇచ్చారు. జ్వరం తగ్గింది. అన్నం తినసాగాడు. అందరూ సంతోషించారు. కానీ ఉన్న మందు అయిదు రోజులకే అయిపోయింది. ఆయన మూత్రం నుంచి మందును మళ్ళీ తీసి ఎక్కించారు. అదీ అయిపోయింది. జబ్బు తిరగబెట్టింది. మార్చి నెలలో ఆయన చనిపోయాడు. మందు పని చేయక కాదు. మందు చాలక.

అప్పుడు మందు దొరకలేదు. ఇప్పుడు దొరుకుతోంది. దొరికే మందును మధ్యలో వదిలేయడం ఎంత అన్యాయం!

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అరకొరగా, ఇష్టమొచ్చినట్టు మందు వాడితే మందుకు లొంగే క్రిములు చస్తాయి. మొండివి మిగులుతాయి. అవే పెరుగుతాయి. తర్వాత ఆ మందు మనకూ పనిచేయదు, మన పిల్లలకూ పనిచేయదు. ఈ మందుల వెనక ఎంతోమంది శ్రమ ఉంది. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి శ్రమ కూడా ఉంది. ఆయన అమెరికాలో నడిపిన పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అలాంటి మందులను మనం పాడు చేసుకోకూడదు.

అయితే "మానొద్దు" అంటే డాక్టరు చెప్పిన దాకా మానొద్దు అని. డాక్టరు పరీక్ష చేసి రోజులు తగ్గించవచ్చు, పెంచవచ్చు. మాత్రలకు మార్చవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుది. పుండు ఎండిందని మనం తీసుకునేది కాదు.

సెలైన్ పెడితే బలమా?

మావయ్యను చూడటానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. "నాకూ నీరసంగా ఉందమ్మా. ఆ నర్సుతో నాకూ ఒక సీసా పెట్టించు" అన్నాడు.

ఇది మన ఊళ్ళలో అందరూ అనే మాట. సీసాలో ఏముంటుందో చూద్దాం. అర లీటరు గ్లూకోజు సీసాలో మామూలుగా 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అంటే అయిదారు చిన్న చెంచాల పంచదార పాటి. మిగతా అంతా నీళ్ళు. మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంతే. తినగలిగిన మనిషికి గిన్నెడు పప్పన్నం అంతకంటే ఎక్కువ బలం ఇస్తుంది. అవసరం లేకుండా నరంలో గొట్టం పెడితే క్రిమికి తలుపు తీసినట్టే. షుగర్ ఉన్నవాళ్ళకు గ్లూకోజు సీసా ఇంకా చేటు.

ఖర్చు మాట

ఇంటి వైద్యంలో మంచం ఖర్చు తగ్గుతుంది. మందు ఖర్చు ఉంటుంది. పేదల వైద్యానికి 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. ఇప్పుడు దాన్ని డాక్టర్ ఎన్‌.టి.ఆర్‌. వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బంది ఉంటారు. ఇంటికి పంపాక వేసే మందులు పథకంలోకి వస్తాయా, రావా అని వాళ్ళను ముందే అడగండి. బయట కొనవలసి వస్తే అదే మందు జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతుందేమో డాక్టరును అడిగి చూడండి. డబ్బు చాలకపోతే చెప్పకుండా మందు మానేయకండి. ఆ మాట డాక్టరుకే చెప్పండి. వేరే దారి ఉండవచ్చు.

నలభై రెండో రోజు

తిరునాళ్ళ అయిపోయింది. చుట్టాలు వచ్చి వెళ్ళారు. మావయ్య తిరునాళ్ళకు వెళ్ళలేదు. వసారాలో కూర్చుని డప్పుల చప్పుడు విన్నాడు.

నలభై రెండో రోజున విజయవాడ వెళ్ళారు. డాక్టరు రక్త పరీక్ష చూశారు. కాలు చూశారు. నర్సమ్మ గొట్టం తీసేసింది.

"కాలు దక్కింది. కానీ షుగర్ ఉంది కదా, జాగ్రత్త మాత్రం ఎప్పటికీ ఉండాలి" అన్నారు డాక్టరు.

ఇంటికి వచ్చాక కోడలు నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. పైన ఇలా రాసింది:

"రోజూ రాత్రి మావయ్య అరికాళ్ళు చూడాలి. చెప్పులు లేకుండా చేలోకి పంపకూడదు."

మావయ్య ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. ఆయనకు చదవడం రాదు.

"అమ్మాయ్, ఇందులో ఏం రాశావో చదువు" అన్నాడు. తర్వాత ఒక నిమిషం ఆగి, "కాదులే, నాకే నేర్పు" అన్నాడు.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళు ఉన్నారా? వాళ్ళ అరికాళ్ళు చివరిసారి ఎప్పుడు చూశారు?

2. జ్వరం తగ్గగానే మందు మానేసిన సందర్భం మీకు ఉందా? తర్వాత ఏమయింది?

3. మీ ఊళ్ళో వాడిన సూదులు ఎక్కడ పారేస్తున్నారు?

4. మీ ఇంట్లో ఉన్న ఒక మందు సీసా తీసుకోండి. దాని మీద పేరు, గడువు తేదీ చదివి మీ పుస్తకంలో రాయండి.